సంతకం చెల్లింది, సమ్మతి సంగతేమిటి?

ఎలక్ట్రానిక్ సంతకం మన దేశంలో చెల్లుతుందా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. చెల్లుతుంది. సమాచార సాంకేతిక చట్టం అమల్లోకి వచ్చిన 2000 అక్టోబరు 17 నుంచీ చెల్లుతూనే ఉంది. పాతికేళ్లుగా చర్చంతా ఈ చెల్లుబాటు చుట్టూనే తిరగడంతో అంతకంటే పెద్ద ప్రశ్న పక్కకు జరిగిపోయింది. ఫోనుకొచ్చిన ఓటీపీని కొట్టిన మనిషి తాను దేనికి కట్టుబడుతున్నాడో తెలిసే కొట్టాడా? తెలియదని అతనంటే, తెలుసునని రుజువు చెయ్యాల్సిన బాధ్యత ఎవరిది? చట్టం ఇంతవరకు నడిచివచ్చిన దారి చూస్తే, చెల్లుబాటు మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా సమ్మతి మీద పెట్టలేదని తెలుస్తుంది.

సంతకం ఏ రూపంలో ఉండాలన్నదాని మీద మన చట్టాలు మొదటినుంచీ పెద్దగా పట్టుబట్టలేదు. పేరు రాయడం రానివారు పెట్టే గుర్తును కూడా 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సంతకం కిందే లెక్కించింది. వేలిముద్రలతోనే అమ్మకాలు, తనఖాలు, ప్రామిసరీ నోట్లు తరాల తరబడి నడిచాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇంకా ఉదారమైనది. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉంటే చాలు. చాలా ఒప్పందాలకు కాగితమే అక్కర్లేదు. టెలిఫోన్లో కుదిరిన బేరం ఏ ఊళ్లో కుదిరినట్టు అన్న వివాదం 1965లో భగవాన్‌దాస్ కేడియా కేసుగా సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. అంగీకారం ఎక్కడ వినబడిందో అక్కడే ఒప్పందం పుట్టిందని కోర్టు తేల్చింది. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల వివాదంలో, ఈ-మెయిళ్ల మీద షరతులన్నీ తేలాక లాంఛనపు పత్రం మీద సంతకాలు పడకపోయినా ఒప్పందం ఒప్పందమేనంది.

2023లో కెనడాలోని సస్కాచెవాన్ కోర్టు ఇంకొంచెం ముందుకెళ్లింది. అవిసె గింజల కొనుగోలు పత్రాన్ని ఫొటో తీసి పంపి, ఖరారు చెయ్యమని వ్యాపారి అడిగాడు. రైతు బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి తిరిగి పంపాడు. పత్రం అందిందని చెప్పడమే తన ఉద్దేశమని ఆ తర్వాత వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. అంతకుముందు వాళ్లిద్దరి మధ్య ఇలాంటి పొట్టి జవాబులతోనే ఒప్పందాలు కుదిరి, సరుకు చేరిన చరిత్ర ఉంది. కాబట్టి ఆ బొమ్మే సంతకమని, సరుకు ఇవ్వనందుకు సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టాలని తీర్పు చెప్పింది. ఇక్కడ కోర్టు బొమ్మతో సరిపెట్టుకోకుండా ఆ ఇద్దరి పాత లావాదేవీల దాకా వెళ్లింది. ఒకరి మనసులో ఏముందో తేల్చడానికి గుర్తు ఒక్కటే చాలదని ఆ తీర్పు ఒప్పుకున్నట్టే.

మౌఖిక బేరమే చెల్లే చోట ప్రత్యేక చట్టం దేనికంటే, అవసరం రెండు చోట్ల వచ్చింది. కొన్ని చట్టాలు రాతపూర్వకంగా ఉండాలనీ, సంతకం ఉండాలనీ స్పష్టంగా అడుగుతాయి. అక్కడ కంప్యూటర్ ఫైలు ఆ షరతును తీరుస్తుందా లేదా అన్నది ఒకటి. కోర్టులో దాన్ని ఎలా రుజువు చెయ్యాలన్నది రెండోది. అమెరికాలోని యూటా రాష్ట్రం 1995లోనే డిజిటల్ సంతకాలకు చట్టం చేసింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్య సమితి వాణిజ్య చట్టాల సంఘం అన్‌సిట్రాల్ ఒక నమూనా చట్టం తయారుచేసింది. 1997 జనవరి 30 నాటి తీర్మానంతో సర్వప్రతినిధి సభ దాన్ని దేశాలకు సిఫారసు చేసింది. మన 2000 నాటి చట్టం పీఠికలో ఆ తీర్మానం ప్రస్తావన ఉంది. నమూనా చట్టం ఆలోచన సరళమైనదే. కాగితం మీది సంతకం చేసే పనులేమిటి? ఎవరు పెట్టారో చెప్పడం, అందులోని విషయానికి ఆ వ్యక్తి ఒప్పుకున్నట్టు చూపడం. ఈ పనులను నమ్మదగ్గ రీతిలో చేసే ఎలక్ట్రానిక్ పద్ధతి ఏదైనా కాగితంతో సమానం.

అన్‌సిట్రాల్ పద్ధతిని ఎంచుకునే పనిని తెరిచి ఉంచితే, మన చట్టం 2000లో ఒకే ఒక సాంకేతికతకు ముడిపెట్టింది. మూడో సెక్షన్ ప్రకారం డిజిటల్ సంతకమంటే జంట తాళాలతో నడిచే పద్ధతి. పత్రాన్ని ఒక గణిత సూత్రంలోంచి పంపితే దానికే ప్రత్యేకమైన ఒక చిన్న సంఖ్య వస్తుంది; దాన్నే హ్యాష్ అంటారు. పత్రంలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. సంతకందారు తన రహస్య తాళంతో ఆ సంఖ్యకు ముద్ర వేస్తాడు. బహిరంగ తాళంతో ఎవరైనా దాన్ని సరిచూసుకోవచ్చు. ఆ బహిరంగ తాళం ఫలానా వ్యక్తిదేనని హామీ ఇచ్చేవి లైసెన్సు పొందిన సర్టిఫయింగ్ అథారిటీలు. వాటికి పైన కేంద్రం నియమించిన కంట్రోలర్ ఉంటారు. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ, బ్యాంకుల కోసం ఈ హామీదారు పాత్ర వహించిన తొలితరం సంస్థల్లో ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మొదలైన మీసేవ ఈ పద్ధతినే సామాన్యుల గడప దాకా తెచ్చింది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, అడంగల్ నకళ్లు అధికారి డిజిటల్ సంతకంతో మీసేవ కేంద్రంలోనే చేతికి రావడం మొదలైంది. ఒక్క కాగితం కోసం తహశీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగిన జనానికి అది చిన్న మేలు కాదు. ఎలక్ట్రానిక్ సంతకం పేదవాడి పక్షాన పనిచేసిన సందర్భం ఏదంటే నేను ముందుగా దీన్నే చెబుతాను.

2008లో పార్లమెంటు ఆమోదించి, 2009 అక్టోబరు 27న అమల్లోకి తెచ్చిన సవరణ తలుపును కొంచెం తెరిచింది. 3ఎ సెక్షన్ వచ్చింది. నమ్మదగిన ఏ పద్ధతినైనా కేంద్రం రెండో షెడ్యూలులో చేర్చవచ్చునంది. 2015 జనవరిలో ఆధార్ ఆధారిత ఈ-సైన్ అందులో చేరింది. ఇక్కడ చాలామంది పొరబడుతుంటారు. కాగితం మీద సంతకం పెట్టి స్కాన్ చేసిన బొమ్మ, తెర మీద వేలితో గీసిన గీత, ‘నేను అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో పెట్టిన టిక్కు, మామూలు ఓటీపీ... ఇవేవీ ఈ చట్టం దృష్టిలో ఎలక్ట్రానిక్ సంతకాలు కావు. అలాగని వాటితో కుదిరిన ఒప్పందం చెల్లదనీ కాదు. ఎలక్ట్రానిక్ మార్గంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని తోసిపుచ్చకూడదని అదే సవరణ తెచ్చిన 10ఎ సెక్షన్ చెబుతోంది. తేడా రుజువు దగ్గర వస్తుంది. టిక్కు పెట్టింది ఫలానా వ్యక్తేనని సాక్ష్యాలతో నిరూపించుకోవాలి. చట్టం భద్రమైనదిగా గుర్తించిన సంతకమైతే ఆ శ్రమ లేదు. భారతీయ సాక్ష్య అధినియమం 86వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకునే ఉద్దేశంతోనే సంతకందారు దాన్ని పెట్టాడని కోర్టు భావించి తీరాలి. కాదని ఎదుటివాళ్లు రుజువు చేసేదాకా ఆ భావన నిలుస్తుంది.

ఈ ఒక్క నిబంధన బరువు ఎంతో తెలియాలంటే దాన్ని మన వాడుక పక్కన పెట్టి చూడాలి. కంపెనీల దాఖలాలకు, ఆదాయపు పన్నుకు, టెండర్లకు వాడే డిజిటల్ సంతకం చిన్న యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. అది ఎవరి పేరిట ఉందో వాళ్ల జేబులో ఉండడం అరుదు. ఆడిటర్ గారి ఆఫీసు సొరుగులో, పాస్‌వర్డు రాసిన చీటీతో సహా, పదిమంది డైరెక్టర్ల టోకెన్లు ఒకే కట్టగా ఉండటం ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన సంగతి. పంచాయతీ నిధుల చెల్లింపులకు సర్పంచి పేరిట తీసుకునే డిజిటల్ కీ ఎవరి చేతిలో ఉందన్న తగవులూ పల్లెల్లో కొత్త కాదు. చట్టం మాత్రం 42వ సెక్షన్‌లో నిక్కచ్చిగా చెబుతోంది. రహస్య తాళాన్ని జాగ్రత్తగా తన అధీనంలో ఉంచుకోవాల్సిన బాధ్యత సంతకందారుదే. అది బయటపడితే సర్టిఫయింగ్ అథారిటీకి వెంటనే చెప్పాలి. చెప్పేంతవరకు జరిగినదానికి అతనే జవాబుదారు. ఇంటి ఖర్చుల ఖాతాలు చూసే మరిది మాట మీద డైరెక్టరుగా చేరిన ఇల్లాలికి ఈ సెక్షన్ ఒకటుందని ఎవరు చెప్పారు? వేరొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే 66సి సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కాని టోకెన్‌ను తానే చేతికిచ్చిన మనిషి, మోసం జరిగిందని చూపడం తేలిక కాదు.

టోకెన్ కొనగలిగినవాళ్లు కొద్దిమందే. కోట్లమందికి సంతకమంటే ఆధార్ ఈ-సైన్. దాని నడక తెలిస్తే అసలు చిక్కు ఎక్కడుందో కనబడుతుంది. అప్పిచ్చే సంస్థ తన యాప్‌లో పత్రం చూపిస్తుంది. ఓటీపీ కొట్టగానే ఆ క్షణానికి ఒక తాళాల జంట పుడుతుంది, అర్ధగంట గడువున్న సర్టిఫికెట్ వస్తుంది, ముద్ర పడుతుంది, రహస్య తాళం చెరిగిపోతుంది. పోగొట్టుకోవడానికి టోకెన్ లేదు కాబట్టి ఆ మేరకు ఇది మంచి ఏర్పాటే. అయితే సంతకపు సేవ అందించే సంస్థ దగ్గరికి పత్రం వెళ్లదు, దాని హ్యాష్ మాత్రమే వెళుతుంది. పత్రంలోని గోప్యత కాపాడటానికే ఇలా పెట్టారు, అది సబబే. ఫలితం మాత్రం ఏమిటంటే, ముద్ర ఏ ఫైలు మీద పడిందో గణితం ఖాయంగా చెబుతుంది గాని, ఆ మనిషి కళ్ల ముందున్న తెర మీద ఏముందో చెప్పదు. ఏం చూపించారో తెలిసింది చూపించిన సంస్థకే. వివాదం వస్తే ఆ సంస్థే ఒక పక్షం. 40 పేజీల ఇంగ్లీషు పత్రం చిన్న తెర మీద ఎంతసేపు కనబడింది, చివరిదాకా జరపకుండానే ఓటీపీ గడి వచ్చిందా అన్నవి ఆ ముద్రలో ఎక్కడా లేవు.

ఇతర దేశాలు ఈ విషయాన్ని ఎలా చూశాయో పోల్చి చూడటం ఉపయోగకరం. ఐరోపా సమాఖ్య 2014లో చేసి 2016 జులై 1 నుంచి అమలు చేస్తున్న ఈఐడాస్ నిబంధన సంతకాలను మూడంచెలుగా విభజించింది. అందులో పై అంచెకు మాత్రమే చేతిరాతతో సమానమైన హోదా ఉంది. కింది అంచెలను ఎలక్ట్రానిక్ అన్న కారణంతో తోసిపుచ్చకూడదు, అంతే. సంతకం ఎంత గట్టిదో దాని వెనక నిలిచే భావనా అంతే గట్టిగా ఉండాలన్న వివేకం ఇందులో ఉంది. అమెరికా 2000 జూన్ 30న చేసిన ఈ-సైన్ చట్టం ఏ పద్ధతినీ నిర్దేశించలేదు, కాని వినియోగదారుణ్ణి గుర్తుపెట్టుకుంది. చట్టం రాతపూర్వకంగా ఇవ్వమన్న సమాచారాన్ని ఎలక్ట్రానిక్‌గా ఇవ్వాలంటే అతని సమ్మతిని విడిగా తీసుకోవాలి. పైగా ఆ ఫైలును అతను తెరిచి చూడగలడని తేలే పద్ధతిలో ఆ సమ్మతి ఉండాలి. ఆ చట్టం పరిధి నుంచి తప్పించిన పత్రాల జాబితా ఇంకా ఆలోచింపజేస్తుంది. వీలునామాలు, కుటుంబ వ్యవహారాలతో పాటు నీళ్లు, కరెంటు ఆపేస్తామనే నోటీసు, ఉంటున్న ఇంటిని జప్తు చేస్తామనే నోటీసు, ఆరోగ్య బీమా రద్దు నోటీసు అందులో ఉన్నాయి. ఏ కబురు ఈ-మెయిల్ పెట్టెలో మునిగిపోతే మనిషి వీధిన పడతాడో, దాన్ని ఆ చట్టం కాగితం మీదే ఉంచింది.

మన చట్టం ఇలా తప్పించిన పత్రాల జాబితా, అంటే మొదటి షెడ్యూలు చూడండి. అందులో మొదట ఉన్నవి చెక్కు తప్ప మిగతా నెగోషియబుల్ పత్రాలు, పవర్ ఆఫ్ అటార్నీ, ట్రస్టు, వీలునామా, స్థిరాస్తి అమ్మకపు ఒప్పందం. ఆస్తి చేతులు మారే పత్రాలకు కాపలా పెట్టాం, మనిషికి అందాల్సిన హెచ్చరికలకు పెట్టలేదు. ఆ కాపలా కూడా 2022 సెప్టెంబరు 26 నాటి నోటిఫికేషన్‌తో సడలింది. స్థిరాస్తి ఒప్పందం జాబితాలోంచి పోయింది. రిజర్వు బ్యాంకు, సెబీ వంటి నియంత్రణ సంస్థల కిందికి వచ్చే సంస్థల పేరిట రాసే డిమాండు ప్రామిసరీ నోట్లకు, పవర్ ఆఫ్ అటార్నీలకు ఎలక్ట్రానిక్ దారి తెరుచుకుంది. ఊళ్లో ఒకరికొకరు రాసుకునే నోటు మాత్రం ఇప్పటికీ కాగితం మీదే, రెవెన్యూ స్టాంపు మీదే. సడలింపు అందింది అప్పు ఇచ్చే పెద్ద సంస్థలకు. దానికి బదులుగా అప్పు తీసుకునేవాడికి కొత్త రక్షణేదీ ఆ నోటిఫికేషన్‌లో చేరలేదు. నా అభ్యంతరం సడలింపు మీద కాదు, ఈ ఏకపక్ష ధోరణి మీద.

స్థిరాస్తి విషయంలో ఆశలు మితంగానే పెట్టుకోవాలి. అమ్మకపు దస్తావేజుకు రిజిస్ట్రేషన్ చట్టం, స్టాంపు చట్టం అలాగే ఉన్నాయి. సబ్‌రిజిస్ట్రార్ ముందుకు వెళ్లక తప్పదు. డల్లాస్‌లో ఉన్న కొడుకు గుంటూరులోని స్థలం అమ్మకానికి తండ్రి పేరిట పవర్ రాయాలంటే ఈ-సైన్ పనికిరాదు. నోటరీ ముందో, భారత కాన్సులేట్ అధికారి ముందో కాగితం మీద సంతకం చేసి పంపాల్సిందే. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇది విసుగు తెప్పించినా, ఇక్కడ కాగితమే మేలంటాను. పవర్ ఆఫ్ అటార్నీల పేరిట మన దగ్గర జరిగినన్ని భూకబ్జాలు చూశాక, ఆ ఒక్క మెట్టు తీసేయమనడానికి మనసొప్పదు.

కోర్టులో రుజువు సంగతి వేరే కథ. పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద సర్టిఫికెట్ లేనిదే ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా తీసుకోకూడదని 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో మరో ధర్మాసనం పరికరం చేతిలో లేనివారికి మినహాయింపునిచ్చింది. 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు మళ్లీ అన్వర్ తీర్పునే నిలబెట్టారు, అడిగినా సర్టిఫికెట్ ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చునన్నారు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త అధినియమంలో ఇది 63వ సెక్షన్. సర్టిఫికెట్ రెండు భాగాలైంది; రెండో భాగం మీద నిపుణుడు సంతకం చెయ్యాలి, హ్యాష్ విలువ రాయాలి. సొంత కంప్యూటర్ విభాగమున్న బ్యాంకుకు ఇది రోజువారీ పని. వాట్సాప్‌లో వచ్చిన బెదిరింపులను, తనకు చూపించిన తెరల ఫొటోలను కోర్టుకు ఇవ్వాలనుకునే అప్పుదారుకు నిపుణుణ్ణి వెతుక్కోవడమే ఒక ఖర్చు.

2020 చివర్లో తెలంగాణలో బయటపడ్డ లోన్ యాప్‌ల దారుణాలు ఈ అసమానతను కళ్లకు కట్టాయి. ఫోన్లో నాలుగు నొక్కులతో అప్పు, ఆ నొక్కుల్లోనే ఫోన్‌బుక్కు మొత్తం అప్పగింత, తర్వాత బంధువులకు ఫోన్లు, అవమానాలు, ఆత్మహత్యలు. ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ అన్నిటికీ సమాధానమైంది. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లో ప్రధాన వివరాల పత్రాన్ని తప్పనిసరి చేసింది. సంతకమైన పత్రాలన్నీ అప్పుదారుకు వాటంతటవే చేరాలంది. వద్దనుకుంటే వెనక్కి తగ్గేందుకు గడువు ఇవ్వమంది. 2024 ఏప్రిల్‌లో మరో మంచి మాట చేర్చింది. ఆ పత్రం అప్పుదారుకు అర్థమయ్యే భాషలో ఉండాలి, వివరించి చెప్పాలి, అర్థమైందని రాయించుకోవాలి. తెలుగువాడికి తెలుగులో అన్నమాట. అర్థమైందని రాయించుకోవడం కూడా మరో టిక్కుగా మారిపోతే ఈ నియమం ప్రాణం పోతుందన్నదే భయం. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులను 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు నిషేధించాయి. అదే కట్టుదిట్టం అప్పు పత్రాల దగ్గర ఇంకా ఎక్కువగా ఉండాలి.

వేలిముద్రకు తిరిగి వెళ్దామని నేననడం లేదు. దాని బలహీనత కూడా చూశాం. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించి, రబ్బరు అచ్చులు చేసి, వేల సిమ్‌లు చలామణీ చేసిన ఉదంతం అందరికీ తెలిసిందే. ఓటీపీ మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. కాగితపు రోజుల్లో రక్షణ వేలిముద్రలో లేదు, దాని చుట్టూ ఉన్న పద్ధతిలో ఉంది. దస్తావేజు లేఖరి చదివి వినిపించేవాడు. ఇద్దరు సాక్షులు పక్కనుండేవారు. రిజిస్ట్రారు ఎదురుగా కూర్చోబెట్టి, రాసిచ్చింది నువ్వేనా, డబ్బు ముట్టిందా అని అడిగేవాడు. మోసాలు అప్పుడూ జరిగాయి, కాని ఆ అరగంటలో వద్దని లేచిపోవడానికి మనిషికి సమయం దొరికేది.

న్యాయస్థానాలు కూడా ఆ రోజుల్లో ఒక సూత్రం పాటించాయి. పరదా చాటునుండే స్త్రీ సంతకం చేసిన పత్రాన్ని ఆమె మీద ప్రయోగించాలంటే, ఆమెకు విషయం తెలిసే, స్వేచ్ఛగా ఒప్పుకుందని రుజువు చెయ్యాల్సింది పత్రం చూపించేవాళ్లే. సంతకం ఆమెదేనని తేలినంత మాత్రాన సరిపోదు. ప్రివీ కౌన్సిల్ నాటి ఈ సూత్రాన్ని ఖర్బుజా కువర్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ ధ్రువపరిచింది. దాన్ని నిరక్షరాస్యులకూ వర్తింపజేసిన తీర్పులున్నాయి. తనకు రాని భాషలో, అరచేతంత తెర మీద, గడియారం పరుగెడుతుండగా ఓటీపీ కొట్టిన కూలీకి ఈ సూత్రం ఎందుకు వర్తించకూడదు?

దీనికోసం కొత్త చట్టం రానక్కర్లేదు. 86వ సెక్షన్ కింద కోర్టు అనుకునేది తిరుగులేని నిజం కాదు, కాదని చూపితే వీగిపోయేదే. ఏ తెరలు, ఏ భాషలో, ఎంతసేపు చూపించారో ఆ చిట్టా తెమ్మని న్యాయమూర్తి అప్పిచ్చిన సంస్థను ఆదేశించవచ్చు. తేకపోతే, చేతిలో ఉన్న సాక్ష్యాన్ని దాచినవాడికి వ్యతిరేకంగా అర్థం చేసుకునే అధికారం సాక్ష్య చట్టంలో మొదటినుంచీ ఉంది. రిజర్వు బ్యాంకు తన వంతుగా ఆ చిట్టాను అప్పు తీరేదాకా భద్రపరచాలనీ, దాని హ్యాష్‌ను సంతకమైన ఫైలుతో పాటే అప్పుదారు ఫోనుకు పంపాలనీ శాసిస్తే, ఆ చూపించిన తెరలను తర్వాత ఎవరూ పట్టుబడకుండా మార్చి రాయలేరు. సంతకమైన పత్రాలను అప్పుదారుకు పంపమన్న నియమం 2022 నుంచీ ఉంది కాబట్టి, దానికి ఈ ఒక్క ఫైలు జోడిస్తే చాలు.